సీసాలో అయిరె చేప

మా మదురై జిల్లాలో అయిరె చేపల పులుసు తెలియనివాళ్లు ఉండరు. హోటళ్ల బోర్డుల మీద కూడా దాని పేరు వేరుగా రాసి పెడతారు. మేము ఇంట్లో తెలుగు మాట్లాడినా ఈ చేపను మాత్రం అరవంలో అన్నట్టే అయిరె అంటాము. అది చిటికెనవేలంత ఉంటుంది. బాగా పెరిగినా 8 సెంటీమీటర్లకు మించదు. కానీ కిలో ధర చూస్తే వేటమాంసం కన్నా ఎక్కువ. అందుకని మా ఇంట్లో ఎప్పుడో ఒకసారి మాత్రమే వండుతారు.

పోయిన సంవత్సరం దీపావళి అయినాక మా అవ్వకు జ్వరం వచ్చింది. పది రోజులు అన్నం సహించలేదు. "ఏం తింటావు అవ్వా?" అని అడిగితే, "అయిరె పులుసైతే రెండు ముద్దలు తింటానురా" అనింది. నాయన బజారుకు పోయి పావుకిలో తెచ్చారు.

అయిరెను ప్రాణంతోనే అమ్ముతారు. అది ఇసుకను నోట్లోకి తీసుకొని, అందులోని పాచిని, చిన్న పురుగులను తిని బతుకుతుంది. కాబట్టి దాని కడుపులో మట్టి ఉంటుంది. చేప చిన్నది, ఒక్కొక్కటే కోసి కడగలేము. అందుకని బతికున్నప్పుడే పాలలో వేస్తారు. అది పాలు తాగి మట్టి కక్కేస్తుంది. తరువాత మట్టిచట్టిలో ఉప్పు వేసి రుద్దుతారు. ఆ పని అమ్మ నాకు చెప్పింది. నేను గిన్నెలో చెయ్యి పెడితే చేపలన్నీ వేళ్ల సందుల్లో జారిపోతున్నాయి. ఏమి తోచిందో ఏమో, మూడింటిని తీసి గాజుసీసాలో వేశాను.

అమ్మ చూసి, "ఏమిరా, అదేమన్నా కుక్కపిల్లా పెంచేదానికి?" అనింది. అవ్వ పడుకున్న చోటినుంచే, "ఉండనీలేమ్మా, నాకు మూడు తగ్గితే ఏమైంది?" అనింది.

మరునాడు పొద్దున ఒకటి చచ్చిపోయింది. బడిలో మా సైన్సు మిస్‌కు చెప్పాను. "కొళాయి నీళ్లు అట్లే పోశావా?" అని అడిగారు. అవునన్నాను. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందనీ, ఒక రోజు తెరిచి పెట్టిన నీళ్లే పోయాలనీ చెప్పారు. తెలియక చేసినా ఆ చేప నా చేతిలోనే చచ్చింది. మిస్ కోప్పడలేదు. "మిగిలిన రెండింటినీ సరిగ్గా చూసుకో. చూసినదంతా తెలుగులోనే రికార్డులో రాయి" అన్నారు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం సీసా ముందు కూర్చున్నాను. సీసాలో రెండు అంగుళాల ఇసుక కడిగి వేశాను. వేసిన నిమిషంలోనే రెండూ అందులో దూరిపోయాయి. కళ్లు మాత్రం బయట కనిపించేవి. ఒళ్లు లేత పసుపు, పక్కలమ్మట నల్లటి మచ్చలు. ఇసుకలో పడుకుంటే అది ఉందని కనుక్కోలేము. నోటి చుట్టూ మీసాలుంటాయి. బురద నీళ్లలో కళ్లకన్నా మీసాలే తిండిని వెతికి పెడతాయి. కంటి కింద తోలులో దాచుకున్న చిన్న ముల్లు ఉంటుంది. భయపడితే దాన్ని లేపుతుంది. ఒకసారి పాత గుడ్డతో పట్టబోతే గుడ్డకు తగులుకొని విడిపించేదానికి చాలా కష్టమైంది.

అన్నిటికన్నా ఆశ్చర్యం దాని ఊపిరి. ఉన్నట్టుండి బాణం మాదిరి పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగి కిందికి పోతుంది. కాసేపటికి వెనకనుంచి ఒక చిన్న బుడగ బయటికి వస్తుంది. మొప్పలే కాకుండా ఈ చేప పేగు కూడా గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటుందని మిస్ చెప్పారు. అందుకే నీళ్లు తగ్గి చెడిపోయిన గుంటలో కూడా కొన్నాళ్లు బతకగలదు. సంచిలో కొంచెం నీళ్లతోనే బజారు దాకా ప్రాణంతో వచ్చేదానికి కారణం అదే.

దీని శాస్త్రీయ నామం లెపిడోసెఫలిక్తిస్ థెర్మాలిస్. 1846లో శ్రీలంకలోని వేడినీటి ఊటల దగ్గర దొరికిన చేపలను చూసి వాలెన్సియెన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. థెర్మాలిస్ అనే మాట ఆ వేడినీళ్లనుంచే వచ్చింది.

అవ్వ కోలుకున్నాక సీసా పక్కన కూర్చొని తన చిన్నప్పటి సంగతులు చెప్పింది. మా తిరుమంగళం పక్కన పారే గుండారు ఎప్పుడూ నిండుగా పారే ఏరు కాదు. వానలకు వచ్చి, తరువాత ఎండిపోతుంది. "వెల్లువ తీసినాక ఏట్లో గుంటలు నిలుస్తాయి. ఇసుక మోకాటి దాకా దిగబడేది. చేతులతో తోడితే అయిరె దొరికేది. ఎవురూ దుడ్డిచ్చి కొన్నది లేదు" అనింది.

రెండు చేపలను గుండారులోనే వదలాలని నేను, మా మామ కొడుకు ఒక ఆదివారం అక్కడికి పోయాము. ఏటిలో సీమకరువేల చెట్లు పెరిగి ఉన్నాయి. గుంటలో సాక్కడ నీళ్లు, అడుగున నల్లటి బురద. వెతికినా పిడికెడు ఇసుక దొరకలేదు. పాత పంచెతో మూడుసార్లు తోడితే జిలేబి చేపపిల్లలు వచ్చాయి. అవి ఆఫ్రికానుంచి తెచ్చి మన దేశంలో వదిలిన జాతి. అయిరె ఒక్కటి కూడా రాలేదు. సీసాను అట్లే ఇంటికి తెచ్చేశాను.

ఈ సంగతి మిస్‌కు చెబితే ఇంకొక మాట చెప్పారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పట్టికలో ఈ జాతికి ప్రమాదం తక్కువ అని ఉందట. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ చాలా చోట్ల ఉంది కాబట్టి అది నిజమే. కానీ మేము తోడిన గుంటలో ఒక్కటీ లేదు, అదీ నిజమే. లోకంలో ఉన్న చేప మా ఏటిలో లేకపోతే పట్టికకు తెలియదు. మా అవ్వకు తెలుస్తుంది.

19వ రోజు నాయన సైకిలు మీద మామ ఊరికి తీసుకుపోయారు. ఆ ఊరి కమ్మాయికి కాల్వలో వైగై డ్యాము నీళ్లు వస్తాయి. 1959లో కట్టి తెరిచిన డ్యాము అది. ఆ కమ్మాయిలో అయిరె ఉందని మామ ముందే చూసి చెప్పారు. నీళ్లు వచ్చి చేరే మదుగు దగ్గర ఇసుక ఉంది. సీసాను వంచి పట్టుకున్నాను. మొదటిది వెంటనే పోయింది. రెండోది కాసేపు నా వేళ్ల దగ్గరే ఉండి, ఒక్కసారి పైకి వచ్చి గాలి మింగి, ఇసుకలో దూరింది. అంత దగ్గరగా చూస్తూ ఉన్నా, మళ్లీ ఎక్కడుందో నాకు కనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లోనే కూర్చొని ఉంది.

"ఇసుక ఉండాదా ఆడ?" అని అడిగింది.

"ఉండాది అవ్వా" అన్నాను.

"అట్లయితే బతుకుతాదిలే" అనింది.