శ్మశానం గోడ పక్కన నల్లబీరు

శ్మశానం, దాని గోడకు ఆనుకునే ఓ పానశాల. మన దగ్గరైతే పొద్దుగూకాక ఆ ఛాయలకు వెళ్లడానికే జంకుతాం. ఐర్లండ్‌ రాజధాని డబ్లిన్‌లో మాత్రం అలాంటి చోటును వెతుక్కుంటూ వెళ్తారు. ఆ పబ్బు అసలు పేరు 'జాన్‌ కెవనా'. కానీ ఊరందరికీ అది 'గ్రేవ్‌డిగ్గర్స్‌'... అంటే సమాధులు తవ్వేవాళ్లు! మంచి గిన్నిస్‌ ఎక్కడ దొరుకుతుందని డబ్లిన్‌ వాసుల్ని అడిగితే, తలా ఓ పబ్బు పేరు చెబుతూ గంటసేపు వాదించుకుంటారు. ఆ వాదనలో ఈ పేరు రాకుండా ఉండదు.

ఎందుకంత పేరు? అది తెలుసుకుందామనే, అక్కడ ఉద్యోగం చేస్తున్న ఓ తెలుగు మిత్రుణ్ని వెంటబెట్టుకుని గ్లాస్‌నెవిన్‌ బయల్దేరాం. నగరం నడిబొడ్డు నుంచి ఉత్తరంగా సుమారు మూడు కిలోమీటర్లు. ఎత్తయిన రాతిగోడ వెంబడి నడిస్తే శ్మశానం పాత గేటు వస్తుంది. దాని ఎదుట చిన్న పచ్చిక మైదానం, పక్కనే పబ్బు.

గోడ మీద పారతో కొడితే...

1832లో గ్లాస్‌నెవిన్‌ శ్మశానవాటిక తెరిచారు. అంతకుముందు చాలాకాలం పాటు క్యాథలిక్కులకు తమవాళ్లను తమ పద్ధతిలో సాగనంపుకునే సొంత శ్మశానం ఉండేది కాదు. హక్కుల నాయకుడు డేనియల్‌ ఓకానెల్‌ పట్టుబట్టి, ఏ మతం వారైనా నిద్రించగల చోటుగా దీన్ని ఏర్పాటు చేయించాడు. ఆ మరుసటి ఏడాదే, 1833లో, ఈ పబ్బు పుట్టింది. అప్పటినుంచీ అదే కుటుంబం తరతరాలుగా నడుపుతోంది.

తవ్వే పని మధ్యలో దాహమేస్తే కూలీలు పారతో గోడను తట్టేవారట. ఆ చప్పుడు వినగానే లోపలివాళ్లు గ్లాసులు నింపి ఊచల సందులోంచి అందించేవారట. నిజమెంతో, కల్పన ఎంతో గానీ పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది.

టీవీ లేదు... పాట లేదు

రెక్కల తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే ముందు కనిపించేది చీకటి. కళ్లు అలవాటుపడ్డాక ఒక్కొక్కటీ తేలతాయి. అరిగిపోయిన చెక్క నేల, పొగచూరిన గోడలు, కుర్చీకీ కుర్చీకీ మోచేతులు తగిలేంత ఇరుకు. టీవీ ఉండదు. సంగీతం వినిపించదు. పాడటానికీ అనుమతి లేదు. వినపడేదల్లా మనుషుల మాటలే. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర సాయంత్రం పూట వినిపించే సందడి ఉంటుందే, అచ్చం అలాంటిది.

మేం వెళ్లిన రోజు ఓ అంత్యక్రియ ముగించుకుని వచ్చిన కుటుంబం మూల బల్ల చుట్టూ చేరింది. నల్లకోట్లు, ఎర్రబారిన కళ్లు. కాసేపటికి అక్కడినుంచే సన్నగా నవ్వులు మొదలయ్యాయి. పోయినాయన చేసిన చిలిపి పనులు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటున్నారు. పక్క బల్లల వాళ్లు వాళ్లకేసి తేరిపార చూడలేదు, గొంతులు మాత్రం తగ్గించారు. అంతే పరామర్శ!

తొందరపడితే రుచి ఉండదు

గిన్నిస్‌ అంటే మనకు రికార్డుల పుస్తకమే గుర్తొస్తుంది. రెండింటికీ మూలం ఒకటే. ఐరోపాలో అతి వేగంగా ఎగిరే వేట పక్షి ఏదన్న విషయమై 1951లో గిన్నిస్‌ కంపెనీ అధిపతి సర్‌ హ్యూ బీవర్‌కు ఐర్లండ్‌లో ఓ వేట సందర్భంగా వాదన వచ్చింది. ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. అలాంటి వాదనలు తీర్చడానికే 1955లో రికార్డుల పుస్తకం మొదలైంది.

బీరు కథ ఇంకా పాతది. 1759లో ఆర్థర్‌ గిన్నిస్‌ డబ్లిన్‌లోని సెయింట్‌ జేమ్స్‌ గేట్‌ దగ్గర మూతపడిన బట్టీని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున లీజుకు తీసుకున్నాడు. గడువెంతో తెలుసా? 9,000 ఏళ్లు!

బార్లీ గింజల్ని కాఫీ గింజల్లా మాడ్చి వేస్తారు. ఆ నలుపూ, కాస్త చేదూ అక్కడివే. వెలుగుకు ఎత్తి చూస్తే నలుపు కాదు, ముదురు కెంపు రంగు. మామూలు బీర్లలో కార్బన్‌ డయాక్సైడ్‌ బుసబుసలాడుతుంది. దీంట్లో నైట్రోజన్‌ కూడా కలుపుతారు. అందుకే బుడగలు మరీ సన్నవి, పైన నురగ మీగడలా గట్టిగా నిలుస్తుంది. ఈ పద్ధతి 1959లో వచ్చింది. దాన్ని సాధించిన మైకేల్‌ ఆష్‌ గణితం చదువుకున్న వ్యక్తి కావడం విశేషం.

పోయడమూ ఓ విద్యే. గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పాతిక నింపుతారు. పక్కన పెట్టేస్తారు. గోధుమరంగు సుడులు కిందికి జారుతూ నలుపు, తెలుపు విడివడేదాకా ఎవరూ ముట్టుకోరు. అప్పుడు మిగతాది నింపుతారు. మొత్తం 119.5 సెకన్లు పట్టాలని కంపెనీ లెక్క. మన దగ్గర పైంటు సీసా అంటే 330 మిల్లీలీటర్లు... అక్కడి పైంటు గ్లాసు 568! ఆల్కహాల్‌ మాత్రం 4.2 శాతమే.

మరి అన్ని పబ్బులకూ బీరు ఒకే కార్ఖానా నుంచి వస్తుంటే ఒకచోట రుచి ఎక్కువెలా? గొట్టాలు శుభ్రంగా ఉండాలి, గ్లాసుకు జిడ్డు అంటకూడదు, పీపా త్వరగా ఖాళీ అయ్యి కొత్తది రావాలి. రహస్యం అంతవరకే. మిగతాది కూర్చున్న చోటు మహిమ!

గోడకు ఆవల చరిత్ర

పబ్బు చూసి వెనుదిరిగితే సగమే చూసినట్టు. శ్మశానంలో 15 లక్షల మందికి పైగా నిద్రిస్తున్నారు. డబ్లిన్‌ నగరంలో బతికున్నవారి కంటే ఎక్కువ. ఓకానెల్‌ సమాధిపై 55 మీటర్ల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. మైకేల్‌ కాలిన్స్‌, డి వలేరా ఇక్కడే ఉన్నారు. అంతర్యుద్ధంలో ఎదురెదురు పక్షాల్లో నిలిచినవారు ఇప్పుడు ఇరుగుపొరుగు.

1915 ఆగస్టు 1న ఓడొనవన్‌ రోసా అనే విప్లవకారుడి అంత్యక్రియల్లో పాట్రిక్‌ పియర్స్‌ ఇక్కడ చేసిన ప్రసంగం ఆ దేశాన్ని కదిలించింది. మరుసటి ఏప్రిల్‌లోనే ఈస్టర్‌ తిరుగుబాటు. ఆ రోజుల్లో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మనవాడొకాయన ఉన్నాడు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి! 1913లో వెళ్లిన ఆయన ఐరిష్‌ ఉద్యమకారులతో స్నేహం చేసి, 1916లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు.

శ్మశానాన్ని ఆనుకుని జాతీయ వృక్షోద్యానం ఉంది. 1845లో బంగాళాదుంప తెగులును ఇక్కడి అధికారి డేవిడ్‌ మూర్‌ గుర్తించాడు. ఆ తెగులు తెచ్చిన కరవులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మంది ఓడలెక్కారు.

ఆ గ్లాసుకు రెండో వైపు

1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడటం చూసినవాళ్లం మనం. తాగుడును ముచ్చటగా చెప్పుకోవడం మనకు అంత తేలిక కాదు. ఐర్లండ్‌కూ కాదు. 1838లో ఫాదర్‌ మాథ్యూ మొదలెట్టిన ఉద్యమంలో లక్షలమంది తాగబోమని ప్రమాణం చేశారు. డబ్లిన్‌ నడివీధిలో ఆయన విగ్రహం ఉంది. 2004లో పబ్బుల్లో పొగతాగడాన్ని దేశమంతటా నిషేధించిన తొలి దేశమూ ఐర్లండే. 2022 జనవరి నుంచి మద్యానికి కనీస ధర పెట్టారు. చవగ్గా దొరికే సీసాలకు ముకుతాడు వేయడానికే ఇది.

అయినా ఇంట్లో ఒంటరిగా తాగేవాళ్లు పెరిగారు. పబ్బులు తగ్గుతున్నాయి. 2005 నుంచి రెండు వేలకు పైగా మూతపడ్డాయని ఆ వ్యాపారుల లెక్క. పల్లెల్లో పబ్బు పోతే పోయేది బీరొక్కటే కాదు. ముసలివాళ్లు సాయంత్రం పూట మరో మనిషి ముఖం చూసే చోటు కూడా పోతుంది. మా మిత్రుడు మందు ముట్టడు. అయినా నెలకోసారి ఇక్కడికొచ్చి నిమ్మసోడాతో గంట కూర్చుంటాడు. పరాయి ఊళ్లో పేరుపెట్టి పలకరించేవాళ్లు దొరికింది ఇక్కడేనట.

వెళ్లేవారికి

పగలు శ్మశానం, వృక్షోద్యానం చూసి సాయంత్రానికి పబ్బుకు చేరడం మేలు. ఉద్యానానికి ప్రవేశ రుసుము లేదు. ఆకలేస్తే సాసేజీలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలతో ఉడికించే 'కాడిల్‌' అడగండి... పంది మాంసం తినేవారైతేనే! నలుగురూ వెళ్తే ఒక్కో విడతకు ఒక్కొక్కరు డబ్బు చెల్లించడం అక్కడి మర్యాద. తాగనివారికి ఆల్కహాల్‌ లేని గిన్నిస్‌ నగరంలో చాలాచోట్ల దొరుకుతోంది. తాగినవారు కారు మాత్రం ముట్టుకోవద్దు, బస్సులున్నాయి. గ్లాసు ఎత్తేముందు 'శ్లాన్‌చ' అనడం మరవకండి. ఆరోగ్యం అని అర్థం!