మూడో సాక్షి

పలమనేరు పక్కనుండే మా గంగవరంలో ఇలాంటి పెళ్ళికి ఒకటే మాట: లేచిపోయింది. మగపిల్లాడి గురించి ఆ మాట పెద్దగా వినబడదు. నేనూ ఆ మాట పడ్డాను. నిజానికి లేచింది నేనొక్కదాన్నే. ఇల్లంతా అక్కడే కూర్చుండిపోయింది.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఎవరికీ తెలీకుండా చేసుకుందామనుకున్న పెళ్ళికి ఇదో పరీక్ష. ఆ నెలంతా బెంగళూరులో ఫోన్ మోగిన ప్రతిసారీ ఊరికి తెలిసిపోయిందనే అనుకున్నా.

అమ్మకు చెప్పబోయాను. "నాకేం చెప్పొద్దు మే. చెప్తే మీ నాయనకాడ అబద్ధమాడాల" అంది. వారం తర్వాత తెలిసినవాళ్ళ చేత చెనిక్కాయల సంచి పంపింది. అడుగున పాత రవికగుడ్డలో పసుపుతాడు, దానికి కట్టిన పసుపుకొమ్ము. చీటీ ఏమీ లేదు. అమ్మ తన వంతు అలా వచ్చి వెళ్ళింది.

చనిపోయిన అవ్వ ఫోటో ఎప్పుడూ నా పర్సులోనే ఉంటుంది. "మీ నాయన ఫోటో కూడా తీసుకెళ్దాం, ఒక కుర్చీలో పెడదాం" అన్నాడు తను. ఇన్‌స్టాలో అలాంటి పెళ్ళిళ్ళు చాలానే చూశాం. నేను ఒప్పుకోలేదు. అవ్వ ఇక వద్దనలేదు. నాయన అనగలడు. ఆయన్ని అడిగే ధైర్యం లేక ఫోటోని కూర్చోబెడితే, ఆయన సంతకం నేను పెట్టినట్టే.

చట్టానికి ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు నా స్నేహితులు. మూడో ఆమె తన ఆఫీసులో పనిచేస్తుంది, నేను ఆరోజే చూశాను. ఒకరినొకరు స్వీకరిస్తున్నామనే మాట మనకు అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పొచ్చు. నేను తెలుగులో చెప్పాను. బయటికొచ్చాక మెట్ల దగ్గర పసుపుతాడు కట్టాడు.

వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలని అక్కడినుంచే నాయనకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"సాక్షి సంతకాలు ఎవురు పెట్టినారు?"

ముగ్గురి పేర్లూ చెప్పాను.

"మనోళ్ళు ఒక్కరూ లేరా?"

"లేరు నాయనా."

ఫోన్ పెట్టేశాడు. ఇప్పటికీ మాట్లాడడు. ఆ "మనోళ్ళు"లో నన్ను కలిపే అన్నాడా అని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటాను.