గుండ్రాయి

నేను స్కేట్లు కొన్నాను, నలభై ఒకటో ఏట. ఈ సంగతి హోసూరులో అమ్మకు తప్ప మన ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ నోటా ఈ నోటా వినేకంటే నేనే చెప్తే మేలు కదా.

ఉద్యోగం మీద ఆస్టిన్‌కు వచ్చి మూడేళ్ళయింది. పోయిన నెల ఆఫీసులో పక్క సీటమ్మాయి "మా అక్క ఆట ఉంది, రా" అని టికెట్టు చేతిలో పెట్టింది. రోలర్ డెర్బీ అట. చక్రాల మీద డాన్సు లాంటిదేమో అనుకొని వెళ్ళాను. ఐదు నిమిషాలకే ఒకావిడ ఇంకొకావిడను తుంటితో గుద్ది గీత అవతలికి పంపింది. జనం ఈలలు వేశారు. పడినావిడ లేచి, నవ్వుకుంటూ మళ్ళీ లోపలికి వచ్చేసింది.

మొదట తలా తోకా తెలీలేదు. కాసేపు చూశాక అర్థమైంది: ఇది చక్రాల మీద చెడుగుడు! కోడిగుడ్డు ఆకారంలో బాట, జట్టుకు ఐదుగురు. హెల్మెట్ మీద నక్షత్రం ఉన్నామె జామర్, మిగతా నలుగురూ బ్లాకర్లు. జామర్ గుంపును చీల్చుకొని ఒకసారి బయటపడాలి. ఆ తర్వాత చుట్టు తిరిగి వచ్చి దాటిన ఒక్కో ఎదుటి బ్లాకరుకు ఒక్కో పాయింటు. విడత 2 నిమిషాలకు మించదు. తప్పు చేయకుండా ముందు బయటపడిన జామర్ రెండు చేతులతో నడుము తట్టుకుంటే విడత అక్కడితో సరి. భుజంతో, తుంటితో నెట్టొచ్చు. మోచేత్తో పొడిచినా, వీపు మీద నెట్టినా 30 సెకన్లు బయట కూర్చోవాలి. ఆ రెండు జట్ల బ్లాకర్ల మధ్య జామర్ ఇరుక్కోవడం చూస్తే, మన గుట్ట దేవుడి తేరు రోజు జనంలో నలగడమే గుర్తొచ్చింది.

ఈ ఆట 1935లో చికాగోలో లియో సెల్ట్‌జర్ అనే ఆయన మొదలుపెట్టింది. తర్వాత మూలనపడితే, 2001లో ఈ ఆస్టిన్ ఆడవాళ్ళే మళ్ళీ లేపారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆడేవాళ్ళే అన్నీ నడుపుకుంటారు. నేను చూసిన చోట టికెట్లు చూసిందీ, ఆట అయ్యాక కుర్చీలు మడిచిందీ వాళ్ళే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. ఏడో తరగతిలో నేను బడి చెడుగుడు జట్టులో ఉండేదాన్ని. మోకాళ్ళు గీరుకొని వస్తే అవ్వ పసుపు అద్దుతూ "గుండ్రాయి మాదిరి దొర్లుకుంటా వస్తావు కదే" అనేది. ఆ ఏడే పెద్దమనిషినయ్యాను. అంతటితో ఆట సరి. "పడి మొహాన గాటు పడితే రేపు ఎవరు చేసుకుంటారు?" అన్నారు. కోపంతో చెప్పడం లేదు, వాళ్ళ భయం వాళ్ళది. కానీ అప్పటినుంచి నేను పడకుండా నడవడమే నేర్చుకున్నాను. బస్సులోనైనా, మీటింగులోనైనా ఎవరైనా ఎదురొస్తే ముందు పక్కకు తప్పుకొనేది నేనే. ఇక్కడేమో తప్పుకోకుండా నిలబడడమే ఆట!

వారం తర్వాత ఆ అక్కను కలిసి, "నాకు స్కేటింగే రాదు, వయసు చూస్తే ఇంత" అన్నాను. "రానివాళ్ళకే కదా కొత్త తరగతి. ముందు పడడం నేర్పిస్తాం" అంది. ఒక మోకాలి మీద వాలాలట. ఒళ్ళు చిన్నగా ముడుచుకొని, వేళ్ళ మీదుగా ఎవరి చక్రమూ పోకుండా పిడికిలి బిగించాలట. వెంటనే లేవాలట. నలభై ఏళ్ళుగా నాకు ఎవరూ చెప్పని పాఠం.

ఆడేవాళ్ళలో చాలామంది చొక్కా వెనక సొంత పేరు కాక, తాము పెట్టుకున్న పేరు వేసుకుంటారు. నాది అప్పుడే అనుకున్నాను: గుండ్రాయి. ఇక్కడివాళ్ళకు నోరు తిరగదు. తిరిగేదాకా పలికిస్తాను.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"పడితే ఏం గతి?"

"పడతానమ్మా. పడడమే మొదటి పాఠం."

మళ్ళీ కాసేపు మౌనం. వెనక కుక్కర్ కూత వినిపించింది.

"మోకాళ్ళకు గట్టిగా కట్టుకో," అంది. "పడినాక ఫోన్ చెయ్."

ఆదివారం మొదటి తరగతి.