కొండగట్టు కింద గాలం!

ఇంగ్లీషు సినిమాల్లో మీరు చూసే ఉంటారు. తొడల దాకా రబ్బరు బూట్లు, నెత్తిన టోపీ, చుట్టూ కొండలు, అద్దంలాంటి ఏరు. హీరోగారు గాలం తాడుని గాల్లో కొరడాలా తిప్పి వదుల్తారు. చుక్కల చుక్కల చేప ఒకటి నీళ్లలోంచి ఛెంగున ఎగురుతుంది. అదే ట్రౌట్! 1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తీసిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్'లో బ్రాడ్ పిట్ చేసింది ఈ పనే. ఆ సినిమా ఫొటోగ్రఫీకి ఆస్కార్ వచ్చింది. ఆ దెబ్బతో అమెరికా కుర్రకారులో చాలామంది గాలాలు కొనుక్కున్నారు.

మరి మన కుర్రకారు సంగతేమిటి? శని, ఆదివారాలు కలిసొచ్చాయి. కొండ కావాలి, నీళ్లు కావాలి, చేప కావాలి. అయితే పదండి, కొండగట్టుకి!

ముందే చెప్పేస్తే మంచిది... అక్కడ ట్రౌట్ లేదు. ఉండదు కూడా. దానికి చల్లటి నీళ్లు కావాలి. 20 డిగ్రీలు దాటితే దాని ప్రాణం అల్లాడుతుంది. మన కరీంనగర్ ఎండల సంగతి వేరే చెప్పాలా? తెల్లదొరలు ఈ చేపని సముద్రాలు దాటించి తెచ్చి కశ్మీర్లో వదిలారు, నీలగిరుల్లో వదిలారు. ఊటీ దగ్గర అవలాంచిలో 1907లో పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. మన వైపు మాత్రం ఏ ఏట్లోనూ వదిలే ధైర్యం చెయ్యలేదు. ఇన్నేళ్లకి హైదరాబాద్ పక్కన కందుకూరులో యంత్రాలతో నీళ్లు చల్లబరిచి ట్రౌట్‌ని పెంచే ఫారం ప్రారంభమైంది. అది ఏసీ గదిలో ఉండే చేప. వీకెండ్‌కి పనికిరాదు.

సరే, కొండ సంగతి. కరీంనగర్ నుంచి జగిత్యాల రోడ్డున దాదాపు 35 కిలోమీటర్లు. ఆవుని పోగొట్టుకున్న పశువులకాపరికి కలలో కనిపించి, దాని జాడ చెప్పిన ఆంజనేయస్వామి ఇక్కడ వెలిశాడని స్థలపురాణం. విగ్రహానికి రెండు ముఖాలు. ఒకటి హనుమంతుడిది, ఒకటి నరసింహస్వామిది. పవన్ కల్యాణ్ తన 'వారాహి' బండికి 2023 జనవరిలో పూజ చేయించింది ఇక్కడే కాబట్టి, అభిమానులకి దారి చెప్పాల్సిన పనిలేదు. మంగళవారం, శనివారం జనం కిటకిట. చేతిలో కొబ్బరిచిప్ప ఉంటే కోతులు మిమ్మల్ని హీరో కంటే ఎక్కువగా చుట్టుముడతాయి!

ఘాట్ రోడ్డు మీద మాత్రం సరదాలొద్దు. 2018 సెప్టెంబరు 11న కొండ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మలుపులు చూస్తుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మోటారుసైకిలు హీరోలు గుర్తుపెట్టుకోండి.

శనివారం దర్శనం అయిపోతే, ఆదివారం నీళ్ల దగ్గరికి. (దీక్షలో ఉన్న మిత్రుణ్ని మాత్రం వెంట తీసుకెళ్లకండి, పాపం!) కొండ చుట్టుపక్కల ఊళ్లలో చెరువులున్నాయి. కాస్త దూరం పోతే కరీంనగర్‌ని ఆనుకుని దిగువ మానేరు డ్యాం. బొచ్చ, రవ్వ, బంగారుతీగ, వాలుగ... చాలా రకాలున్నాయి. అయితే అసలు హీరో వేరే ఉన్నాడు. కొర్రమీను! తెలంగాణ వాళ్లు ముద్దుగా కొర్రమట్ట అంటారు. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా.

ట్రౌట్ సుకుమారి అయితే ఇది మాస్ హీరో. చెరువు ఎండితే బురదలో దూరి వాన కోసం చూస్తుంది. నీళ్లలో గాలి చాలకపోతే పైకొచ్చి నేరుగా గుటక వేస్తుంది. అసలు పైకి రానివ్వకపోతే ఊపిరాడక చస్తుంది... నీళ్లలో మునిగి చచ్చే చేప! అందుకే తెలిసినవాళ్లు కలుపు మధ్య ఆ గుటక వేసే చోటు కనిపెట్టి, చిన్న కప్పనో చేపపిల్లనో ఎరగా వేస్తారు. పట్టిందంటే గాలం కర్ర విల్లులా వంగుతుంది.

పోయిన వానాకాలం ఒక చెరువుగట్టు మీద చూశాను. పట్నం కుర్రాళ్లు ఇద్దరు, చేతిలో ఖరీదైన గాలం, దానికి ప్లాస్టిక్ కప్ప. గట్టు పక్క నీళ్లలో ఎర్రగా, గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఏదో కదులుతోంది. సరిగ్గా అక్కడే విసరబోయారు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచాడు.

"తమ్మీ, గాడ ఎయ్యకురి. అవి కొర్రమట్ట పిల్లలు. తల్లి కిందనే ఉంటది."

"అందుకేగా తాతా! తల్లి కోసమే. ఒక్కటే పట్టుకుని పోతాం."

"ఒక్కటి కాదు బిడ్డా, గంపెడు. తల్లి పోతే గీ పిల్లలన్ని వేరే చేపల పాలైతయి."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని గాలం చుట్టేశారు.

పెద్దాయన చెప్పింది నిజం. వానలు పడగానే కొర్రమీను గట్టు పక్క లోతు తక్కువ నీళ్లలో కలుపు తొలిచి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా తిరిగినన్ని రోజులూ పెద్దచేప కాపలా కాస్తుంది. దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది. ఆకలికి కాదు, కోపానికి! ఆ కోపాన్నే ఎరగా వాడుకోవడం నా దృష్టిలో ఆట కాదు.

ఇంకో మాట. ఈ చెరువులు ఎవరూ లేని నీళ్లు కావు. చేపల మీద హక్కు ఊళ్లోని మత్స్యకారుల సహకార సంఘాలది. బెస్తలూ ముదిరాజులూ ఏటా పిల్లల్ని వదిలి, నెలల తరబడి ఎదురుచూసే పంట అది. వరిచేలో దిగి వెన్ను తెంపుతారా? సంఘం వాళ్లని అడగండి, ఇంత అని ఇవ్వండి. చాలామంది సరే అంటారు, చోటు కూడా చూపిస్తారు.

దసరా దాటాక వెళ్తే బాగుంటుంది. ఎండ తగ్గుతుంది, చెరువులు నిండుగా ఉంటాయి. గాలం, తాడు, బెండు కరీంనగర్‌లోనే కొనుక్కోండి. ఎర్రలు అక్కడే తడిమట్టి తవ్వితే దొరుకుతాయి. తెల్లవారుజామున గట్టు మీదుంటే మంచిది... పొద్దెక్కాక ఆ మాస్ హీరో షూటింగ్‌కి రాడు!