చివరి రెండు నిమిషాలు

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో నిశ్శబ్దం అరుదైన వస్తువు. అక్కడి సందులలో మరమగ్గాలు, తెలుగు నేతకారుల మాటలో సాంచాలు, పగలనక రాత్రనక ఒకే లయతో మోగుతూ ఉంటాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు వేలాది పద్మశాలీ కుటుంబాలు ఆ మోతను వెదుక్కుంటూ తపతీ తీరానికి చేరాయి.

అటువంటి ఒక కుటుంబంలో, 1993లో, పదమూడేళ్ళ బాలుడొకడు ఉండేవాడు. చదివేది నగరపాలక సంస్థ నడిపే తెలుగు పాఠశాలలో. వీధిలో మాట్లాడేది గుజరాతీ, హిందీ. తండ్రి రాత్రి ఎనిమిదింటికి సాంచాల మీదికి పోయి ఉదయం ఎనిమిదింటికి తిరిగి వచ్చేవాడు. పన్నెండు గంటలపాటు ఆ హోరులో నిలబడేవారికి చెవులు మందగించడం సామాన్యమే. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆయన గట్టిగానే మాట్లాడేవాడు. కొడుకు మెల్లగా చెప్పిన మాట ఏదీ ఆయనకు చేరేది కాదు. అందువల్ల కొడుకు చెప్పడమే తగ్గించుకున్నాడు.

ఆ ఇంట ఒక టేపురికార్డరు, ఏడెనిమిది కాసెట్లు ఉండేవి. వాటిలో ఒకదానికి పేరు లేదు. 1990లో ఊరి నుంచి వచ్చిన బంధువు దానిని తెచ్చి ఇచ్చాడు. బాలుని నాయనమ్మకు చదువు రాదు. ఒకరిచేత ఉత్తరం వ్రాయించుకోవడం ఆమెకు నచ్చదు. ప్రక్కింటివారి టేపురికార్డరు ముందు కూర్చుని, తన కొడుకుతో ఎదురుగా మాట్లాడుతున్నట్లే అరగంట మాట్లాడింది. వానల సంగతి, బర్రె ఈనిన సంగతి, ఎవరి పిల్లకు ఎక్కడ సంబంధం కుదిరినదీ అన్నీ చెప్పింది. 1992 వేసవిలో ఆమె పోయినప్పుడు, తంతి అందుకుని రైలెక్కిన కొడుకు ఊరు చేరేసరికే అంత్యక్రియలు ముగిసిపోయాయి. ఆ తరువాత సెలవు దొరికిన రోజున ఆయన ఆ కాసెట్టు పెట్టుకుని గోడకు చేరగిలబడి వినేవాడు.

ఆ సంవత్సరమే బాబా సెహగల్ పాడిన 'ఠండా ఠండా పానీ' అనే ఆల్బమ్ దేశమంతటా మారుమ్రోగింది. రాగం తీయకుండా, తాళానికి మాటలను తూటాలవలె పేల్చే ఆ పద్ధతిని ర్యాప్ అంటారని బాలునికి బడిలోనే తెలిసింది. మొదటిసారి విన్నప్పుడు అతనికి వింతగా తోచలేదు. పుట్టినది మొదలు వింటున్న సాంచాల చప్పుడుకు ఎవరో మాటలు కూర్చినట్లు అనిపించింది. అంత హోరులోనూ ఒక మనిషి మాట వినబడుతున్నది! తండ్రికి చేరేటట్లు మాట్లాడడం చేతకాని పిల్లవానికి అది చిన్న విషయం కాదు.

వజ్రాల సాన పనిచేసే ఒక మిత్రుని అన్న ఇంట రెండు కాసెట్లు పట్టే టేపురికార్డరు ఉన్నది. ఒకదానిలోని పాటలను మరొకదానిలోకి ఎక్కించవచ్చు. ఖాళీ కాసెట్టు కొనడానికి డబ్బులు లేవు. బాలుడు ఇంటి నుంచి పేరు లేని కాసెట్టును తీసుకుపోయాడు. నాయనమ్మ మాటలు రెండవ ప్రక్కన ఉండి ఉంటాయని తనకు తాను చెప్పుకున్నాడు. త్రిప్పి విని చూడడానికి నిమిషం పట్టేది. ఆ నిమిషం అతడు వెచ్చించలేదు. పాటలన్నీ ఎక్కించిన తరువాత టేపు ఇంకా కొంచెం మిగిలితే, మోజు తీరక పేరు పాటనే చివర మరొకసారి ఎక్కించాడు.

ఆ వారం సెలవునాడు తండ్రి కాసెట్టు పెట్టాడు. అవ్వ గొంతు రావలసిన చోట డప్పు మోతలు, హిందీ మాటల జడివాన వచ్చాయి. బాలుడు వాకిట నిలబడి దెబ్బలకు సిద్ధమయ్యాడు. తండ్రి లేవలేదు. ముందుకు జరిపి చూడలేదు. ఒక పాట తరువాత ఒక పాటగా ఆ ప్రక్కంతా విన్నాడు. చివరి పాట ముగిసి, 'టక్'మని ఒక చప్పుడై, హఠాత్తుగా ముసలి గొంతు పలికింది. "పైలంగ ఉండు కొడుకా. పిల్లలు పైలం. సలికాలంల పండుగకు రారాదు" అంటూ రెండు నిమిషాలు సాగి ఆగిపోయింది.

మరునాడు ఆయన కాసెట్ల దుకాణానికి పోయి విచారించి వచ్చాడు. కాసెట్టు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచివేస్తే దానిమీద మరేమీ ఎక్కదు. వాటిని తన చేతనే విరిచాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. కాని ప్రతి సెలవునాడూ ఆ పాటలన్నిటినీ మొదటి నుంచీ వినేవాడు. నేరుగా చివరకు జరిపితే టేపు తెగుతుందేమోనని ఆయన భయం. కొన్ని నెలలకు ఆ ర్యాప్ ఆయనకు కంఠస్థమైంది. అర్థం సగమే తెలిసినా, సాంచా దగ్గర పెదవులు దానికి కదులుతుండడం తోటి పనివారు చూసి నవ్వేవారట. కొడుకు కూడ ప్రక్కన కూర్చునేవాడు. వారిద్దరూ కలిసి అరగంట కూర్చున్న సందర్భాలు అంతకుముందు లేవు.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాపించినదన్న వార్తతో లక్షలాది జనం నగరం విడిచి పరుగులు తీశారు. ఆ కుటుంబం కూడ చేతికందినది మూటగట్టుకుని వరంగల్ వైపు రైలెక్కింది. టేపురికార్డరు సూరత్‌లోనే ఉండిపోయింది. కాసెట్టు తండ్రి చొక్కా జేబులో ఉన్నది.

బాలుడు పెద్దవాడై హిప్-హాప్ చరిత్ర చదివాడు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో జరిగిన ఒక విందును దాని జన్మదినంగా చెబుతారు. జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అనే యువకుడు పాత గ్రామఫోను రికార్డులలో వాద్యాలు మాత్రమే మోగే చిన్న ఖండాలను తిప్పి తిప్పి సాగదీశాడు. వాటిపైన కొత్త గొంతులు పలికాయి. 'ఠండా ఠండా పానీ' కూడ 1990లో వచ్చిన వనిల్లా ఐస్ పాట అడుగుజాడలలో నడిచినదే. ఆ పాటకు ఆధారం 1981లో క్వీన్ బృందం, డేవిడ్ బోవీ కలిసి చేసిన పాటలోని వరుస. పాతదాని మీద కొత్తది నిలుస్తుంది. అయితే ఆ కళాకారులు పాతదానిని వినిపించుకుని దానిమీద కట్టారు. తాను వినకుండా చెరిపివేశాడు. ఆ తేడా అతనికి బాగా తెలుసు.

నలభై దాటిన వారిని గతం గురించి అడిగితే పదికీ ముప్ఫైకీ మధ్యనున్న ఏళ్ళే ఎక్కువగా జ్ఞాపకం వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ వయసులో విన్న పాట తనతోపాటు ఆ గదిని, ఆ మనుషులను కూడ మోసుకువస్తుంది. కోరినదాన్ని మాత్రమే తెమ్మంటే తేదు.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదలిన నీటితో తపతి పొంగి సూరత్‌లో అత్యధిక భాగాన్ని ముంచినప్పుడు ఆ ఇంటిలోకి కూడ నీరు వచ్చింది. బురదలో దొరికిన కాసెట్టు మరి మోగలేదు.

తండ్రికి ఇప్పుడు డెబ్బై దాటాయి. చెవికి యంత్రం పెట్టుకుంటాడు. ఈమధ్య ఒక సాయంత్రం కొడుకు తన ఫోనులో ఆ పాత పాటను వెదకి, ధ్వని పెంచి ఆయన దగ్గర ఉంచాడు. ముసలాయన వేళ్ళు మంచం పట్టెపై తాళం వేశాయి. పాట ముగిసింది. కొడుకు ఫోనుకోసం చేయి చాచాడు.

తండ్రి ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"ఆగు బిడ్డా. ఇంక అవ్వ మాట్లాడుతది."

కొడుకు ఫోను ముట్టలేదు. ఇద్దరూ రెండు నిమిషాలపాటు అలాగే కూర్చున్నారు. కిటికీ అవతల సాంచాలు మోగుతున్నాయి.