పెళ్లి పందిరి కింద గరిక

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి చేశాను. ఆత్మకూరులో మా ఇంటి ముందున్న జాగాలోనే పందిరి వేయించాను. పెళ్లి బాగా జరిగిందన్నారు, వంటలు బాగున్నాయన్నారు. బాగులేనిదల్లా ఆ జాగాలోని గరిక ఒక్కటే! రాటలు పీకిన గుంటలు, గాడిపొయ్యి కింద మాడిన మట్టి, సామాన్ల లారీ తిరిగి రాయిలా బిగిసిన నేల.

"గడ్డే కదా, వానలకు అదే లేస్తుంది" అని ఊరుకునేవాణ్ణే. కాని మా అమ్మకు చూపు మందగించింది. రోజూ తెల్లవారుజామున వట్టికాళ్లతో తులసికోట దాకా తానే నడిచి వెళ్లేది. పాదాల కింద గరిక తగిలినంతసేపూ దారి తప్పలేదని ఆమె గురుతు. పెళ్లయిన నాలుగో రోజున రాటగుంటలో ఆమె కాలు మడతపడింది. ఎముక విరగలేదు గాని, అంతటితో గడప దాటడం మానేసింది. ఎందుకమ్మా అంటే, "ఎండగా ఉందిలేరా" అంటుంది. తెల్లవారుజామున ఎండేమిటి!

గుంటలు పూడ్చి, యూరియా తెచ్చి దోసిళ్లతో చల్లాను. మిగిలిన నాలుగు పరకలూ మాడిపోయాయి. మా ఆవిడ నావైపు చూసి ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఉగాదికి ఉదయగిరి నుంచి మా మేనమామ కొడుకు వచ్చాడు. హైదరాబాదులో ఒక గోల్ఫు మైదానంలో చాలా ఏళ్లు తోటపని చేసినవాడు. వాకిలి చూసి నవ్వాడు.

"గోల్ఫు మైదానాల్లో పరిచేది ఈ గరిక జాతేనయ్యా బావా. బెర్ముడా గడ్డి అని పెద్దపేరు పెట్టినారు, అంతే. ఆట ఆడినంతసేపూ పెళ్లలు లేస్తానే ఉంటాయి, మేము మాన్పతానే ఉంటాం. దీనికి ముందు కావాల్సింది ఎరువు గాదు, ఊపిరి!"

చలిదేశాల్లో మంచు కరిగాక వసంతంలో ఈ పని మొదలుపెడతారట. మనకు మంచు బెడద లేదు. గరిక వేడికే సాగుతుంది, నీడ పడదు. తడి ఒక్కటి ఉంటే చైత్రపు ఎండ దానికి మేలే.

మాడిన మట్టిని జానెడు లోతు తీసి, చేలో మట్టి నింపాం. బిగిసిన చోట గునపంతో జానకొకటి చొప్పున 4 అంగుళాల లోతు పోట్లు పొడిచి, పెన్న ఇసుక పోశాం. గట్టు మీది గరిక తీగలను మూడేసి కణుపుల ముక్కలుగా కోసి, రెండు కణుపులు మట్టిలోకి, కొస పైకి ఉండేలా నాటి, కాలితో అదిమాం. పది రోజులు రెండు పూటలా చిలకరించాలన్నాడు. వేరు పట్టాక తడులు తగ్గించి, పెట్టిన తడి లోతుగా పెట్టాలి. ఎరువు ఆ తరువాతే, అదీ కాస్తే.

"మనుషులకే బిందెలు లెక్కపెట్టుకుంటుంటే గరికకు నీళ్లా?" అంది మా ఆవిడ. సబబే. కాని మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు వాకిట్లో బకెట్టులో చేరసాగాయి. చేర్చింది ఎవరో నేను అడగలేదు.

వైశాఖం వెళ్లాక ఒక తెల్లవారుజామున చూస్తే మంచం మీద అమ్మ లేదు. గుండె గుభేలుమని బయటికి పరుగెత్తాను. గాడిపొయ్యి పెట్టిన చోట నిలబడి, బొటనవేలితో నేల తడుముతోంది.

"ఇక్కడింకా పట్టలేదురా" అంది.

మారు మాట్లాడకుండా బకెట్టు తెచ్చాను.