సాలూరు ఘాటులో ఊడిన హోసు

అది 2014 వానాకాలం. విశాఖ పోర్టులో 16 టన్నుల యూరియా ఎత్తుకుని, బరకం కప్పి రాయపూర్ బయల్దేరాం. పది టైర్ల బండి. కొని మూడేళ్లయింది, ఫైనాన్స్ వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. రామభద్రపురంలో అన్నం తిని సాలూరు దాటేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ రోడ్డుకి 26 అని కొత్త నంబరిచ్చి అప్పటికే కొన్నేళ్లయినా మా డ్రైవర్ల నోట అది 43 హైవేనే.

పి.కోనవలస దాటి ఘాటెక్కుతున్నాం. రెండో గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాను. ఒక మలుపు తిరుగుతుండగా కాళ్ల కింద ఢామ్మని పేలింది.

"టైరు పోనాది గురూ!" అన్నాడు క్లీనరు.

టైరు పోతే స్టీరింగు లాగుతుంది, బండి ఒక పక్కకి ఒరుగుతుంది. అవేం లేవు. పికప్ మాత్రం చచ్చిపోయింది. ఇంజను అరుస్తోంది గానీ బండి కదలనంటోంది. అద్దంలో చూస్తే వెనకంతా నల్లపొగ. అంతసేపూ సన్నగా ఈల వేస్తున్న టర్బో గొంతు మారిపోయి, కింద నుంచి బుస్సుమని గాలి కొడుతోంది.

హ్యాండ్‌బ్రేకు లాగాను. నేను చెప్పేలోపే క్లీనరు దూకి వెనక చక్రాలకి రాళ్లు పెట్టాడు. లోడు బండి ఏటవాలులో ఆగితే మొదట చెయ్యాల్సింది అదే. 19 ఏళ్ల కుర్రాడు, ఆ వానలో, ఆ చీకట్లో ఆ పని మరిచిపోలేదు. ఆ రాత్రి మేమిద్దరం క్షేమంగా ఉన్నామంటే సగం వాడి పుణ్యమే.

అంత ఏటవాలులో లోడుతో క్యాబిన్ ఎత్తడం ప్రమాదమని కింద దూరి టార్చి వేసి చూశాను. ఇంటర్‌కూలర్‌కి వెళ్లే హోసు ఊడి వేలాడుతోంది. ఎక్కడా చిరగలేదు. దాని మీద క్లిప్పు కూడా బిగుతుగానే ఉంది. క్లిప్పు వదులవకుండానే, క్లిప్పుతో సహా గొట్టం జారిపోయిందన్నమాట. అసలు సంగతంతా అక్కడే ఉంది. అప్పుడు నాకది తట్టలేదు.

సైలెన్సర్‌కి పోయే పొగ వేగంతో టర్బో తిరుగుతుంది, బయటి గాలిని పీల్చి నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నొక్కిన గాలి నూరు డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. వేడిగాలి పలచన. అందుకే దాన్ని రేడియేటర్ ముందున్న ఇంటర్‌కూలర్‌లో చల్లబరిచి పంపుతారు. ఈ దారిలో మెటల్ పైపుల్ని కలిపేవి ఈ హోసులు. మైదానంలో వీటి మీద పెద్ద బరువుండదు. ఘాటులో ఫుల్ లోడుతో తొక్కినప్పుడు లోపల కేజీన్నర దాకా ప్రెషర్ వస్తుంది. మూడంగుళాల గొట్టం నోటి మీద ఆ ప్రెషరంటే దాదాపు 70 కిలోల తోపు. ఒక మనిషి బరువంతా వేసి గొట్టాన్ని బయటికి నెడుతున్నట్టు లెక్క.

చెయ్యి కాలుతున్నా పాత చొక్కాతో తుడిచి, హోసు ఎక్కించి, స్క్రూడ్రైవరుతో బిగించి బయల్దేరాం. పొట్టంగి చేరకముందే మళ్లీ ఊడింది. మళ్లీ బిగించి, నెమ్మదిగా కోరాపుట్ చేరాం. అక్కడొక షెడ్డులో కొత్త హోసు వేశారు. సులువుగా ఎక్కాలని లోపల గ్రీజు రాసి, రెండు క్లిప్పులు రబ్బరులోకి దిగబడేంత బిగించారు. తిరుగు ప్రయాణంలో తేలిక లోడు, ఏమీ కాలేదు. బాగుపడిందనుకున్నాను. పది రోజులకి మళ్లీ యూరియా ఎత్తుకుని వస్తే అదే ఘాటులో కొత్త హోసూ ఊడిపోయింది.

ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కో ట్రిప్పు ఆలస్యానికి కిరాయిలో కోత, పైన వాయిదా. వెడల్పు చోటు చూసి బండి తిప్పి, సాలూరుకి దింపేశాను.

సాలూరు లారీల ఊరు. వేగావతి ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో ఏ వీధికెళ్లినా బండి గురించి తెలిసినవాడొకడు ఉంటాడు. నేను వెళ్లింది అరవై దాటిన ఒక మేస్త్రి దగ్గరికి. ఆయన హోసు వైపు చూడనేలేదు. మెటల్ పైపులో చూపుడువేలు పెట్టి తీసి, బొటనవేలితో రాసి నాకు చూపించాడు. రెండు వేళ్లూ నల్లగా మెరుస్తున్నాయి.

"చేపకి నూని రాసి పట్టుకుంటే ఆగుద్దా బాబూ? ఇదీ అంతే. క్లిప్పు ఎంత బిగిస్తే ఏటి?"

ఆ నూనె ఎక్కడిదో వెతకడానికే పూట గడిచింది. టర్బో ఇరుసుని వేళ్లతో ఊపి చూశాడు, బాగానే ఉంది. ఆ తర్వాత ఇంజను బ్రీదర్ పైపు విప్పితే బురద, జిడ్డు కలిసి సగానికి పైగా మూసుకుపోయి ఉంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేక, టర్బోలోంచి కిందికి దిగాల్సిన ఆయిల్ దిగలేక సీలు దాటి గాలి పైపులోకి వస్తోందన్నాడు. ఇంటర్‌కూలర్ విప్పి వంచితే టీ గ్లాసుడు ఆయిల్ కారింది. ఇంజను మౌంటింగ్ రబ్బరు కూడా ఒక పక్క తెగింది. తొక్కినప్పుడల్లా ఇంజను ఊగి హోసుని లాగుతోంది. ఈ మూడూ ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

పైపుల్ని, హోసు లోపలినీ పెట్రోలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. డీజిలుతో కడగనివ్వలేదు, జిడ్డు మిగులుతుందని. పైపు కొసన ఎమెరీ కాగితం చుట్టూ తిప్పి రుద్దాడు. నిలువుగా గీస్తే ఆ గీతల్లోంచే గాలి పోతుందట. పైపు చివర చిన్న గట్టు ఉంటుంది. హోసు ఆ గట్టు దాటి లోపలికి వెళ్లాలి, క్లిప్పు గట్టు వెనక పడాలి. కోరాపుట్లో వేసినవి గట్టు మీదే కూర్చున్నాయి. స్క్రూ క్లిప్పులు తీసేసి టీ-బోల్టు క్లాంపులు వేశాడు. గ్రీజు లేదు, సబ్బు లేదు, పొడిగానే ఎక్కించాడు. బ్రీదర్ శుభ్రం చేసి, మౌంటింగ్ మార్చాడు. ఇంజను వేడెక్కేదాకా నడిపి, చల్లారాక క్లాంపుల్ని మరో అర చుట్టు బిగించాడు. నేను వెళ్లేటప్పుడు ఒక్క మాట చెప్పాడు. ఊడిన హోసుతో ఇంజను నడపకూడదు, ఫిల్టరు కాని గాలితో మట్టి నేరుగా సిలిండర్లోకి పోతుంది.

మర్నాడు పొద్దున్న అదే ఘాటు, అదే మలుపు. క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి వింటున్నాడు. టర్బో ఈల ఎక్కడా తెగలేదు. సుంకి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ టీ తాగుతుంటే వాడే అన్నాడు, "ఇంక ఊడదు గురూ" అని.

2019లో ఆ బండి అమ్మేసినప్పుడు దాని మీద అదే హోసు, అవే క్లాంపులు. ఘాటు రోడ్ల మీద లోడు మోసే తమ్ముళ్లకి నేను చెప్పేది ఒకటే. హోసు ఊడితే కొత్తది కొనేముందు పైపులో వేలు పెట్టి చూడండి. నూనె తగిలితే అది ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా బండిని ఘాటెక్కించకండి.